తాపకవచం

రెంటచింతలలో ఆ మధ్యాహ్నం ఎండ యాభై మూడు డిగ్రీలు దాటింది. వెనకటి రోజుల్లో అయితే ఆ వేళకు ఊరంతా తలుపులు బిగించుకుని పడుకునేది. ఇరవై రెండో శతాబ్దం గుమ్మంలోకి వచ్చిన ఈ రోజుల్లో మాత్రం కాలువ మీద సౌరఫలకాలు బిగించేవాళ్లు బిగిస్తూనే ఉన్నారు. పక్కనే తాపీవాళ్లు గోడ లేపుతున్నారు. వాళ్లంతా కవచంతో పుట్టినవాళ్లు. ఆ కవచాన్ని తయారు చేసిన డాక్టర్ మేడికొండ సులోచన చల్లటి కారులో కూర్చుని వాళ్లను చూస్తోంది. ఒకప్పుడు ఈ దృశ్యం చూస్తే ఆమెకు ఛాతీ ఉప్పొంగేది.

మన కణాల్లో ప్రోటీన్లు పెట్టెలో చీరల్లా ఒక పద్ధతిగా మడతలుపడి ఉంటాయి. ఒళ్లు మితిమీరి వేడెక్కితే ఆ మడతలు విడిపోతాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది అందుకే, వడదెబ్బకు మనిషి పోయేదీ చాలావరకు అందుకే. వేడినీటి బుగ్గల్లో బతికే ఒక సూక్ష్మజీవిలో విడిపోయిన మడతను మళ్లీ సర్దే జన్యువు ఉందని సులోచన కనిపెట్టింది. దాన్ని జన్యు కత్తెరతో మనిషి పిండంలో అతికించింది. దానికి తాపకవచం అని పేరు పెట్టింది. అది తల్లినుంచి బిడ్డకు సంక్రమిస్తుంది.

అలా పుట్టిన మొదటి పిల్ల యేసుమణి. ఆమె తండ్రి రోడ్డు పనిలో ఎండకు కుప్పకూలి చనిపోయాడు. ఆయన బతికుండగా ప్రయోగశాలలో దాచిన పిండానికే సులోచన తొలి కవచం తొడిగింది. ఇప్పుడు యేసుమణి ఇరవైల్లో ఉంది. ఫలకాలు బిగించే ముఠాకు మేస్త్రీ. పెళ్లయింది. డాక్టరమ్మ పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది.

ఆ రోజు నరసరావుపేటలో విచారణ సంఘం కూర్చుంది. కవచంతో పుట్టినవాళ్లు పనికి ఎదగగానే, అది ఉన్నవాళ్లకు మధ్యాహ్నం విరామం అక్కర్లేదని చట్టం మార్చారు. ఇప్పుడు కాంట్రాక్టర్లు ఇంకో మెట్టెక్కారు. పనివాళ్లు మంట మంట అని మాటిమాటికీ ఆగుతున్నారట. చర్మానికి తగిలే వేడిని తెలియజేసే నాడుల జన్యువును కూడా పుట్టబోయేవాళ్లలో మొద్దుబారిస్తే సరిపోతుందని అర్జీ పెట్టారు. దాన్ని అడ్డుకోవాలని, పోయిన విరామాన్ని మళ్లీ తేవాలని సులోచన బయల్దేరింది. సాక్ష్యానికి యేసుమణిని వెంటబెట్టుకుంది.

సంఘం ఆఫీసు ముందు కారు దిగి, పిలుస్తాను ఇక్కడే ఉండమని యేసుమణికి చెప్పి ఆమె లోపలికి వెళ్లింది.

సంఘం అధ్యక్షుడు పురుషోత్తమరాజు మర్యాదస్తుడు, సావధానంగా విన్నాడు. కవచం ప్రాణం కాపాడుతుందే గాని బాధ తీసేయదని సులోచన వివరించింది. నాడుల జోలికి తాను కావాలనే పోలేదని చెప్పింది. కవచానికీ ఒక హద్దుంది. ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు దాటితే అదీ లొంగిపోతుంది. ఆ హద్దు దగ్గరపడిందని ఒంటికి చెప్పేది మంట ఒక్కటే.

"అంటే వాళ్లకీ మనలాగే కాలుతుందంటారా?" అని ఆయన అడిగాడు.

"మనలాగే. కాకపోతే చచ్చిపోరు."

సాక్షిని పిలవమంటారా అని ఆమె అడిగితే, మీరు చెప్పాక ఇంకా ఆమె ఎందుకులెమ్మన్నాడు. సులోచనా సరేనంది. సభ్యులు ఆమె పరిశోధనను మెచ్చుకున్నారు. మజ్జిగ వచ్చింది, పాత కబుర్లు వచ్చాయి. చివరికి నాడులను ముట్టుకోకూడదని తీర్మానించారు. విరామం మాత్రం ప్రాణహాని ఉన్నవాళ్లకే అన్నారు.

సగం గెలిచిన మనసుతో ఆమె బయటికి వచ్చింది. యేసుమణి దింపినచోటే నిలబడి ఉంది. అక్కడ నీడ లేదు. మొహం కమిలిపోయింది, పెదాలు చిట్లాయి. పక్కన వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

"అదేంటి మణీ, లోపల కూర్చోకపోయావా?"

"వరండా ఎక్కబోతే బంట్రోతు వద్దన్నాడమ్మా. కవచపోళ్లకు బెంచీ ఎందుకన్నాడు. మీరూ ఇక్కడే ఉండమన్నారు గదా."

 ఇంతసేపూ సులోచన లోపల వాదించింది ఈ పిల్ల కోసమే. ఆ పిల్ల ఎండలో నిలబడి ఉందన్న సంగతి ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు. కవచం లేని మనిషినైతే అక్కడ నిలబెట్టి వెళ్లేదా?

కారులో ఆమె క్షమించమని అడిగింది. యేసుమణి దానికి తలూపింది. తరువాత, తానూ భర్తా బిడ్డను కనాలనుకుంటున్నామని నెమ్మదిగా చెప్పింది.

"మీరు పెట్టింది మీరే తీసెయ్యగలరా అమ్మా? నా బిడ్డకు ఈ కవచం వద్దు."

సులోచన ఉలిక్కిపడింది. ఏటేటా వేడి పెరుగుతోందని, ఆమె తండ్రి ఎలా పోయాడో మరిచిపోవద్దని నచ్చజెప్పబోయింది.

"మరిచిపోలేదు. మా నాయన పడిపోయినప్పుడు పది మంది పరిగెత్తారంట. నీళ్లు పోశారు, నీడకు మోసుకెళ్లారు. నన్నట్టా ఎవరూ మోయలేదమ్మా. పడిపోతేనే గదా మనిషని గుర్తొచ్చేది."

 సులోచన నెలల తరబడి వెనకాడింది. యేసుమణి మాత్రం తన మాట మీదే నిలబడింది. చివరికి సులోచన తన చేత్తో అతికించిన జన్యువును తన చేత్తోనే ఆ బిడ్డ పిండంలోంచి కత్తిరించి తీసింది. ఆ కవచం కోసం తన యౌవనమంతా ధారపోసిన మనిషికి ఆ పూట అన్నం సయించలేదు.

పాప పుట్టింది. పనిచోటుకు తల్లితోబాటు వచ్చేది. ఎండకు తట్టుకోలేని పసిపిల్ల ఉందని తెలిసి కాంట్రాక్టరు భయపడి కాలువగట్టున చలువ షెడ్డు వేయించాడు. పాలిచ్చేందుకు తల్లి లోపలికి వెళ్లేది. పాపను చూద్దామని ఒకరూ, ఎత్తుకుందామని ఒకరూ ముఠా అంతా వెళ్లేది. కాసేపు అందరూ చల్లగా కూర్చునేవారు. పసిబిడ్డ దగ్గరున్నవాళ్లను లెమ్మనడానికి కాంట్రాక్టరుకు నోరు వచ్చేది కాదు. ఈ కబురు విని సులోచన సంతోషపడాలో ఏడవాలో తేల్చుకోలేకపోయింది.

మరుసటి వారం ఉదయం ఆమె ఆస్పత్రి తలుపు తీసేసరికి మెట్ల మీద కొందరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ కవచంతో పుట్టినవాళ్లే. వాళ్లలో చాలామంది తల్లులకు ఆమే పురుడు పోసింది. అందులో ఒకామె లేచి చేతులు కట్టుకుని, సిగ్గుపడుతూ అడిగింది:

"డాక్టరమ్మా, మా బిడ్డలు కూడా ఎండకు పడిపోయేట్టు చెయ్యండమ్మా."