ఎర్ర కర్టెన్ పోస్టు

హోటల్ లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి మన రహస్య కాగితాలు మోసే కొరియర్ చచ్చిపడి ఉన్నాడు. జేబులో ఫోన్ లేదు. ముఠాలో దొంగపేరుతో తిరుగుతున్న మన ఏజెంట్ ఫొటో ఆ ఫోన్‌లోనే ఉంది.

కబురు మోసుకొచ్చింది ముత్యాల మనిషి. మెడలో ముత్యాల పేటలు, చేతికి ఖరీదైన వాచీ, రెండు పక్షాల జీతం. డబుల్ ఏజెంట్ అని అందరికీ తెలుసు. ఏ పూట ఎవరి పక్షమో ఆమెకే తెలియాలి. కర్టెన్ల షాపు వెనక గదిలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఆరింటికి పడవ మీద మీటింగ్, ఆ ఫోనూ అక్కడికే వస్తోంది. మీవాడు ఎక్కాడంటే ఇక దిగడు," అంది.

షాపు పేరుకే షాపు. ముందు గదిలో బట్టల తానులు, వెనక గదిలో సీక్రెట్ సర్వీస్. కుట్టుమిషన్ దగ్గర కూర్చునే టైలరమ్మే ఈ ఆపరేషన్ నడిపే కంట్రోలర్. నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు, బుగ్గల్లో రబ్బరు ప్యాడ్లు. చూసినవాళ్లు పాపం ముసలావిడ అనుకుంటారు. అసలు ముఖం ముత్యాల మనిషి కూడా చూడలేదు. టైలరమ్మ భర్త కూడా ఏజెంటే. ఒకే ఒక్క ఫొటో శత్రువు చేతిలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు పడవ ఎక్కబోతున్నవాడు ఆయన తమ్ముడు. నా అన్నవాళ్లలో ఆమెకు మిగిలింది అతనొక్కడే. "వదినా, నీ కుట్టు చూస్తే బట్టకే ఏడుపొస్తుంది" అని ఏడిపించే మరిది.

ముఠా కొట్టేసిన రాడార్ డిజైన్ చిప్‌ని అతను వాళ్ల దగ్గరే కొట్టేసి షర్టు కాలర్‌లో దాచాడు. కొనడానికొచ్చే విదేశీయుడెవరో కూడా చూసి రావాలని పడవ ఎక్కుతున్నాడు. అతని ఫోన్‌ని ముఠా తనిఖీ చేస్తుంది గనక కాల్ చెయ్యడానికి లేదు. కర్టెన్ల షాపు పేజీ చూస్తే మాత్రం ఎవరికి అనుమానం? తెల్ల కర్టెన్ ఫొటో పడితే పని సాగించు. ఎర్రది పడితే పారిపో. బయటపడ్డాక ఫొటో కింద 'మీటరు ఎంత?' అని అడుగు. అదీ కోడ్.

"ఎర్రది పెట్టెయ్," అంది టైలరమ్మ.

కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ ముఖం మాడిపోయింది. "పడట్లేదమ్మా. స్పామ్ అని సైటువాళ్లు పేజీని బ్లాక్ చేశారు."

"ఏం చేశామని?"

"రోజూ ఆటోమేషన్ టూల్‌తో వేస్తున్నాం కదా. సెకను కూడా తేడా లేకుండా అదే టైము. అదే క్యాప్షన్, అదే లింకు, అవే హ్యాష్‌ట్యాగులు. పైగా షాపు బాగా నడుస్తున్నట్టు కనపడాలని, మన దొంగ అకౌంట్లన్నిటితో వెంటనే లైకులు కొట్టించాం. వాళ్ల ఫిల్టర్ మనల్ని మెషీన్ అనుకుంటోంది."

క్రమశిక్షణ! సర్వీసులో చేరిన రోజు నుంచీ నూరిపోసిన క్రమశిక్షణే కొంప ముంచింది. లోకంలో ఏ కర్టెన్ల షాపువాడు సెకను తప్పకుండా ఫొటో పెట్టాడు గనక?

ఆపరేటర్ లింకు తీసేశాడు. క్యాప్షన్ మార్చాడు. నెట్‌వర్క్ మార్చాడు. 'కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి.' ప్రతిసారీ అదే ముక్క. కొత్త పేజీ తెరుద్దామంటే మరిది దాన్ని చూడనే చూడడు.

"వాడి మీద ఆశ వదులుకోండి," అంది ముత్యాల మనిషి గోళ్లు చూసుకుంటూ.

టైలరమ్మకు ఒళ్లు మండింది. స్క్రీన్ మీదికి వంగింది. మూలన చిన్న చక్రమొకటి తిరుగుతూనే ఉంది. "అదేంటి?"

"టూలమ్మా. ఫెయిలైనప్పుడల్లా దానంతటదే మళ్లీ ట్రై చేస్తుంది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది అలా తలుపు బాదుతూ ఉంటే వాళ్లు తెరుస్తారా, ఇంకో గడియ పెడతారా? ముందు దాన్ని పీకెయ్. దాని పర్మిషన్ రద్దు చెయ్. అన్నిచోట్లా లాగౌట్ అవ్వు, పాస్‌వర్డ్ మార్చు. ఆ షాపు ఫోన్ ఇటివ్వు, నేనే చేత్తో వేస్తా."

ఈసారి స్క్రీన్ మీద మాట మారింది. 'మీరు మనిషేనని నిరూపించండి. కెమెరాకు ముఖం చూపించండి.'

"నువ్వు చూపించు," అంది ఆపరేటర్‌తో.

"నాది చెల్లదమ్మా. దొంగ అకౌంట్లన్నిటికీ నా ముఖమే చూపించా."

"నా వంక చూడకండి," అంది ముత్యాల మనిషి. "ఈ ముఖం కోసం రెండు దేశాలు వెతుకుతున్నాయి."

టైలరమ్మ ఫోన్ ఎత్తి తల అటూ ఇటూ తిప్పింది. తిరస్కారం. కళ్లద్దాలు తీసింది. మళ్లీ తిరస్కారం. 'ఇది మీ చివరి అవకాశం.' ఆమె చెయ్యి విగ్గు పిన్నుల మీదికి పోయింది.

"ఆగు!" అంతదాకా లైన్లో వింటున్న బాస్ స్పీకర్‌లో అరిచాడు. "అక్కడ ఎవరు కూర్చున్నారో తెలుసుగా? బయటికి పంపితే ముఠాకు ఫోన్ కొడుతుంది, ఉంచితే నీ ముఖం చూస్తుంది. నీ అసలు ముఖం బయటపడితే నువ్వు ఊరొదిలి పోవాల్సిందే. నీ మరిదిని కూడా మళ్లీ కలవలేవు."

"తెలుసు సార్. కలవకపోతేనేం, ఎక్కడో ఒకచోట బతికుంటాడుగా."

విగ్గు టేబుల్ మీద పడింది. బుగ్గల్లోంచి ప్యాడ్లు తీసేసింది. రంగుతో గీసిన ముడతల్ని తడిగుడ్డతో తుడిచేసింది. ముత్యాల మనిషి గోళ్లు చూసుకోవడం మానేసి, ఆ ముఖాన్ని కంఠతా పడుతున్నట్టు చూసింది.

పచ్చ టిక్కు పడింది. టైలరమ్మ ఎర్ర గుడ్డని కిటికీకి తగిలించి, ఫొటో తీసి, 'ఇప్పుడే కుట్టాం, రంగు సరిగ్గా రాలేదు' అని రాసి నొక్కింది. పోస్టు పడీపడగానే గోడ గడియారం ఆరు కొట్టింది.

ముత్యాల మనిషి లేచింది. "నేనేమీ చూడలేదనే చెప్తాలే." ఎవరికి చెబుతుందో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయింది.

ఫొటో కింద కామెంట్లు పడుతుంటే ఫోన్ మోగడం మొదలైంది. 'మీటరు ఎంత?' టైలరమ్మ ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకోటి. 'మీటరు ఎంతండీ?' తర్వాత ఇంకోటి, ఇంకోటి. మనిషని తేలిన పేజీని సైటువాళ్లు నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పుతున్నారు. నెలల తరబడి ఈగలు తోలుకున్న షాపుకి ఇవాళే గిరాకీ రావాలా! ఇందులో మరిది ఎవరు? అసలు ఉన్నాడా? స్టూలు మీద కూలబడి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది.

అట్టడుగున ఉంది: 'ఆ కుట్టు చూసి బట్టకే ఏడుపొస్తోంది. మీటరు ఎంత?'

బట్ట సంగతేమో గానీ టైలరమ్మ భోరుమంది. చిప్ దక్కింది, మరిది దక్కాడు. ముఠా రేవులో పడవ మీద ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఇక మరిదికి చెప్పాల్సింది ఒక్క మాట మిగిలింది, అదే ఆఖరి మాట. ఒక్కడికే జవాబిస్తే అనుమానం వస్తుందని, ట్రైనింగ్ ప్రకారం ముందు అందరికీ 'షాపుకు రండి' అని అతికించుకుంటూ పోయింది. చివర్న మరిదికి, 'ఏడిస్తే ఏడవనివ్వండి, మీకు ఊరికే ఇస్తా' అని టైప్ చేసి నొక్కింది.

'ఒకే జవాబు పదే పదే ఇస్తున్నారు. కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి.'

బయట కారు హారన్ కొట్టింది. ఆమెను ఊరు దాటించడానికి బాస్ పంపిన కారు. ఆగడానికి టైము లేదు.

"మనిషినని ఒప్పుకుని గంటన్నా కాలేదు," అంది విగ్గుని సంచిలో కుక్కుకుంటూ, "అప్పుడే మనసు మార్చుకున్నారు."