పదిహేడో నంబరు బిళ్ళ

శవం పట్టాల మీద అడ్డంగా బోర్లా పడి ఉంది. ఖనిజం మోసే పాత వ్యాగన్ ముందు చక్రం నడుము మీదుగా వెళ్ళి, మూడు గజాల అవతల ఆగింది.

మొదట చూసింది అప్పుడే డ్యూటీకి వచ్చిన వాచ్‌మన్. టైము ఉదయం 7:10.

7:20కి కానిస్టేబుల్ వచ్చాడు. శవానికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న యార్డు కేబిన్‌కి తాళం వేసి ఉంది. తలుపుకి సీలు వేసి, అక్కడే కాపలా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి 8:35. అప్పటికే గేటు దగ్గర ఊరంతా పోగైంది. పోలీసుల కంటే ముందే అందరూ తలో తీర్పూ చెప్పేసి ఉన్నారు.

చనిపోయింది రిటైర్డ్ రైలు గార్డు. వయసు డెబ్బై ఒకటి. గని కొండ నుంచి రేవు దాకా ఇరవై ఆరు కిలోమీటర్ల ఒంటి లైను అది. అరవై రెండేళ్ళు ఇనుపరాయీ, సున్నపురాయీ మోసింది. లారీలు వచ్చాక దాన్ని అడిగే నాథుడు లేక పదకొండేళ్ళ కిందట మూతపడింది. ఇప్పుడు ఈ యార్డును మ్యూజియం చేస్తున్నారు. ఆదివారం ప్రారంభోత్సవం. గార్డు ఆ లైను చరిత్ర రాస్తున్నాడు. రాత పని లేనప్పుడు వ్యాగన్ల కిందికి దూరి ఇరుసులకు గ్రీజు పెడతాడు. ఇవాళా అదే పని మీద ఉన్నాడు. గ్రీజు డబ్బా ఇంకా మూత తీసే ఉంది.

"యాక్సిడెంటే సార్," అన్నాడు కానిస్టేబుల్. "ముసలాయన బిళ్ళ తగిలించకుండా కిందికి దూరాడు. బ్రేకు జారింది."

"బిళ్ళేంటి?"

కానిస్టేబుల్‌ది ఈ ఊరే. వివరంగా చెప్పాడు. ఈ లైనులో పనిచేసే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. వ్యాగన్ కిందికి వెళ్ళేముందు దాన్ని బ్రేకు లివర్‌కి తగిలించాలి. బిళ్ళ కనబడుతున్నంతసేపూ ఆ లివర్‌ని ఎవరూ ముట్టుకోరు. పెద్ద దొర వచ్చి చెప్పినా బండి కదలదు. పని అయ్యాక తగిలించినవాడే దాన్ని తీసుకెళ్ళి కేబిన్‌లో తన మేకుకి వేలాడదీయాలి.

"గార్డు బిళ్ళ కేబిన్‌లో మేకుకే ఉంది సార్. కిటికీలోంచి చూశాను. అంటే అసలు తీసుకెళ్ళనే లేదు."

ఇన్‌స్పెక్టర్ వ్యాగన్ దగ్గర వంగి చూశాడు. బ్రేకు లివర్‌ని పట్టి ఉంచే పిన్ను నేల మీద ఉంది. బొటనవేలంత లావు ఇనుము. వంకర పోలేదు, అరగలేదు. అది దానంతట అది ఊడి పడే రకం కాదని అతనికి అనిపించింది. నలభై ఏళ్ళు రైలు బతుకు బతికినవాడికి పిన్ను వెయ్యడం రాదంటే నమ్మేది ఎలా?

కేబిన్‌కి మూడు తాళంచెవులు. ఒకటి గార్డు జేబులో దొరికింది. ఒకటి పాత ఫోర్‌మన్ దగ్గర, ఇంకొకటి పాత డ్రైవర్ దగ్గర ఉన్నాయి.

8:50కి సీలు తీశారు. చిన్న గది. బల్ల, కుర్చీ, గోడకి పెద్ద చెక్క పలక. పలక మీద నలభై మేకులు. ఒక్కో మేకు పైన తెల్ల రంగుతో నంబరు. కొన్ని బిళ్ళల మీద నంబరు కనిపిస్తోంది, కొన్ని నున్నగా బోసిగా ఉన్నాయి. గార్డు నంబరు పదిహేడు. ఆ మేకుకి ఉన్న బిళ్ళ కూడా నున్నగానే ఉంది. అదొక్కటే దుమ్ము లేకుండా మెరుస్తోంది.

అన్నీ ఫొటోలు తీయించాడు.

బల్ల మీద నోటు పుస్తకం ఉంది. గార్డు రాత గుండ్రంగా, ముద్దుగా ఉంది. మొదటి ఇంజన్ విడి భాగాలుగా పడవల మీద వచ్చిందట. దాన్ని బిగించడానికి కమ్మరికి నాలుగు నెలలు పట్టిందట. బిగించాక రెండు బోల్టులు మిగిలితే, అవి ఎక్కడివో ఎవరికీ చెప్పకుండా నదిలో పారేశాడట. ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. బయట శవం గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఏడో అధ్యాయం పేరు 'వాలు మీద ప్రమాదం'. ఆ శీర్షిక కింద ఒక్క వాక్యం కూడా లేదు. నాలుగు కాగితాలు చింపేసి ఉన్నాయి.

ముందు ఫోర్‌మన్‌ని పిలిచాడు. నిన్న అతను గార్డు మీద అరిచాడని వాచ్‌మన్ చెప్పాడు. మొరటు మనిషి. గొంతు తగ్గించి మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు.

"నిన్న గార్డుతో గొడవ పడ్డారా?"

"పడ్డాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి గొడవ ఇప్పుడు తవ్వడం దేనికన్నాను."

"ఏమిటా గొడవ?"

ఫోర్‌మన్ చెప్పాడు. ఆ రోజు సాయంత్రం 5:40. ఈ యార్డు వాలుకి పైన ఉంది. రాయి నింపిన పద్నాలుగు వ్యాగన్లు దిగాలి. దిగేముందు బ్రేక్‌మన్ ఒక్కో వ్యాగన్ బ్రేకూ బిగించి పిన్ను వెయ్యాలి. అన్నీ వెయ్యకముందే బండి కదిలింది. బ్రేక్‌మన్ చక్రాల కింద పడ్డాడు. బండి పట్టు తప్పి వాలు కింద బోల్తా కొట్టింది. పని ముగించుకుని వ్యాగన్లలోని రాళ్ళ మీద కూర్చుని ఇళ్ళకు వెళ్తున్న కూలీలు తొమ్మిదిమంది పోయారు. డ్రైవర్ దూకి బతికాడు. ఎంక్వయిరీలో బ్రేక్‌మన్ బిళ్ళ కేబిన్‌లో మేకుకే కనిపించింది. బిళ్ళ తగిలించకుండా పనిలోకి దిగాడు, తప్పు అతనిదే అని తేల్చి చేతులు దులుపుకున్నారు.

"ఇవాళ పొద్దున మీరెక్కడ?"

"కూతురింట్లో. ఎనిమిదింటి బస్సుకి దిగాను. అడగండి ఎవరినైనా."

తర్వాత ఆ డ్రైవర్‌నే పిలిచాడు. సన్నగా, మెత్తగా ఉంటాడు. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. గార్డూ తనూ ఇరవై రెండేళ్ళు ఒకే బండి మీద చేశామనీ, పెళ్ళాంతో కంటే ఆయనతోనే ఎక్కువ కాలం గడిపాననీ చెప్పాడు. విషయం తెలిసింది 7:45కి, ఇంటి దగ్గర. అప్పటిదాకా పక్క మీదే ఉన్నాడు. ఇంట్లో ఒక్కడే. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు.

గేటు దగ్గర జనం మాత్రం వేరే పేరు చెప్పారు. ఆరింటికి ఆ బ్రేక్‌మన్ కూతురు యార్డు వైపు నుంచి విసవిసా నడిచి పోతుంటే పాలవాడు చూశాడట. ఆమెకి ఊరు పెట్టిన పేరు 'బ్రేకెయ్యనోడి కూతురు'. ముఖం మీదే అలా పిలుస్తారని కానిస్టేబుల్ చెప్పాడు. అదేదో మామూలు విషయమైనట్టు చెప్పాడు.

ఆమె బట్టలు కుడుతుంది. 11:15కి ఇన్‌స్పెక్టర్ కొట్టుకి వెళ్ళేసరికి మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. అతను అడగకముందే చెప్పింది.

"వెళ్ళాను సార్. ఆరింటికి. గేటు తాళం ఇంకా తియ్యలేదు, గార్డుని పిలిస్తే పలకలేదు. వచ్చేశాను."

"ఎందుకెళ్ళారు?"

నిన్న నాలుగింటికి గార్డు కొట్టుకి వచ్చాడు. మీ నాన్న బిళ్ళ తగిలించాడమ్మా, నేను కళ్ళారా చూశాను, అంతా రాసేశాను, ఆదివారం అందరి ముందూ చదువుతాను అన్నాడు. ఎవరి తప్పో మాత్రం చెప్పలేదు. ఆమె ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నోరు కుట్టేసుకుని ఇప్పుడొచ్చావా అని వెళ్ళగొట్టింది.

"మా అమ్మ ఆ మాట వినకుండానే పోయింది సార్. ఆ తొమ్మిది కుటుంబాల ఆడవాళ్ళు మా గుమ్మంలో దుమ్మెత్తి పోసేవారు. అమ్మ తలుపు వేసుకుని కూర్చునేది. నాకు కోపం రాదా? కోపం తగ్గాక, ఆ కాగితాలైనా ఒకసారి చూపించమని అడుగుదామని పొద్దున్నే వెళ్ళాను."

"గార్డు చెప్పింది ఇంకెవరికైనా చెప్పారా?"

"బయటివాళ్ళకెవరికీ చెప్పలేదు. సాయంత్రం బాబాయ్ దగ్గర ఏడ్చానంతే. డ్రైవర్ బాబాయ్. నాన్న పోయాక మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నది ఆయనొక్కడే. ఈ మిషను కూడా ఆయన తెచ్చిందే."

ఆమె తలవంచుకుని అంది.

"నాన్న బిళ్ళని తిప్పనుకూడా తిప్పలేదు సార్."

"తిప్పడమేంటి?"

లైను మనిషి చనిపోతే అతని బిళ్ళని మేకు మీద వెనక్కి తిప్పుతారట, నంబరు గోడవైపు ఉండేలా. దాన్ని ఇంకొకరికి ఇవ్వరు. తన తప్పుతో తను చచ్చి, తొమ్మిదిమందిని చంపినవాడికి ఆ మర్యాద ఎందుకని ఎంక్వయిరీ దొరలు ఆమె తండ్రి బిళ్ళని తిప్పనివ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి ఉదయం ఫొటో చూశాడు. పదిహేడో మేకు. నున్నటి వీపు.

అతనికి తన మీద తనకే కోపం వచ్చింది. కళ్ళెదుట వేలాడుతున్నదాన్ని ఫొటో తీయించాడే గానీ చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి అందరినీ కేబిన్‌కి రప్పించాడు. ఫోర్‌మన్, డ్రైవర్, వాచ్‌మన్, కుట్టుపని ఆమె. గది ఇరుకై ఊపిరాడటం లేదు.

"శవాన్ని ఎన్నింటికి చూశావు?" వాచ్‌మన్‌ని అడిగాడు.

"7:10కి సార్."

"అప్పుడీ కేబిన్?"

"తాళం వేసి ఉంది. పోలీసు వచ్చేదాకా నేను శవం దగ్గరి నుంచి కదల్లేదు."

"7:20 నుంచి?"

"నేనున్నాను సార్. ఈగని కూడా రానివ్వలేదు," అన్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ పలక వైపు చెయ్యి చూపించాడు. "పదిహేడో బిళ్ళ వెనక్కి తిరిగి ఉంది. బతికున్న మనిషి బిళ్ళ అలా తిప్పి పెట్టుకుంటాడా, ఫోర్‌మన్ గారూ?"

ఫోర్‌మన్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. జీవితంలో మొదటిసారేమో, గొంతు తగ్గింది. "పెట్టుకోడు. అపశకునం."

"అంటే అది తిప్పినవాడికి 7:10 కంటే ముందే గార్డు పోయాడని తెలుసు. లివర్ మీది బిళ్ళ తీశాడు. పిన్ను పీకాడు. ముసలాయన నిర్లక్ష్యంగా దూరాడని అందరూ అనుకోవాలని బిళ్ళ తెచ్చి ఇక్కడ తగిలించాడు. కాగితాలు చింపుకుని తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. గార్డు తాళంచెవి గార్డు జేబులోనే ఉంది. ఇక మిగిలింది మీ ఇద్దరూ."

"నేను కాదు," అన్నాడు ఫోర్‌మన్. "బస్సు సంగతి వదిలెయ్యండి. నేనే చంపి ఉన్నా ఆ బిళ్ళని తిప్పేవాణ్ణి కాదు. చచ్చినవాడి బిళ్ళని అతని జోడీ తప్ప ఇంకెవరూ ముట్టుకోరు."

"గార్డు జోడీ ఎవరు?"

ఇరవై రెండేళ్ళు ఒకే బండి మీద ఎవరు చేశారో ఆ గదిలో అందరికీ తెలుసు.

డ్రైవర్ తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నంబరు పైకి ఉండేలా తగిలిస్తే ఈ కేసు యాక్సిడెంట్ కింద పోయేది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎందుకు తిప్పారు?"

"ఎలా తిప్పకుండా ఉంటాను సార్," అన్నాడు డ్రైవర్. "వాడికి ఇంకెవరున్నారు?"

ఆ తర్వాత అతను ఒక్కసారిగా కుంగిపోయి కుర్చీలో కూలబడ్డాడు. కాగితాలు పొయ్యిలో వేశానన్నాడు. హత్య రుజువు చెయ్యడానికి దారులున్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి నిజానికి మాత్రం ఇక ఈ మనిషి నోరే దిక్కు. అతను ఆ నోరు మూసుకుంటే ఆమె తండ్రి ఎప్పటికీ దోషే.

కుట్టుపని ఆమె ముందుకి వచ్చింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"బాబాయ్, మా నాన్న బిళ్ళ తగిలించాడా?"

"తగిలించాడమ్మా," అన్నాడు డ్రైవర్.

ఆరున్నరకి స్టేషన్‌లో స్టేట్‌మెంట్ పూర్తయింది. ఆ రోజు త్వరగా దిగిపోవాలన్న ఆత్రంలో గార్డు జెండా ఊపకముందే ఇంజన్ కదిలించాడు. శిథిలాల్లో లివర్‌కి వేలాడుతున్న బిళ్ళని జేబులో వేసుకుని, గొడవలో ఎవరూ చూడకుండా తెచ్చి మేకుకి తగిలించాడు. గార్డు చూశాడు. జోడీ కాబట్టి కడుపులో దాచుకున్నాడు. చివరికి దాచుకోలేకపోయాడు. నిన్న సాయంత్రం ఆమె ఏడుస్తూ చెప్పినప్పుడు, ఓదార్చి పంపించి, తెల్లవారుజామున యార్డుకి వెళ్ళాడు. రాయొద్దని కాళ్ళు పట్టుకున్నాడు. గార్డు వినలేదు. బిళ్ళ తగిలించి వ్యాగన్ కిందికి దూరాడు.

సాక్షి సంతకానికి ఆమెని లోపలికి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ కాగితం ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టకుండా, నాన్న గురించి రాసిన ముక్క చదవమంది.

అతను చదివాడు. "బ్రేక్‌మన్ తన బిళ్ళని లివర్‌కి తగిలించిన తర్వాతే పనిలోకి దిగాడు. అందులో అతని తప్పేమీ లేదు. తప్పంతా నాది."

ఆమె తలాడించింది. కళ్ళు తుడుచుకుంది. స్టేషన్ బయట ఇంకా జనం ఉన్నారు. పొద్దున గేటు దగ్గర ఆమె పేరు చెప్పిన జనమే.

ఆమె లేచి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"ఇంకోసారి చదవండి సార్. కొంచెం గట్టిగా."