కాగ్నా మడుగు దగ్గర తనిఖీ

"అక్కడ అడుగు పెట్టకున్రి సార్! వల ఉన్నది!"

యాదగిరి అప్పటికే పెట్టేశాడు. కాలు వలలో చిక్కింది, మనిషి మోకాళ్ళ దాకా కాగ్నా నది మడుగులో దిగబడ్డాడు. ఒడ్డున నిలబడ్డ అమ్మాయి నవ్వాపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరొస్తరని తెలుసు సార్," అంది.

యాదగిరి వలలోంచి కాలు లాక్కుంటూ తలెత్తాడు. తను వస్తున్నట్టు ఈమెకు ఎవరు చెప్పారు?

అతనికి వికారాబాదులో విత్తనాల దుకాణం ఉంది. తాండూరు అరుణాదేవితో సంబంధం దాదాపు ఖాయమైంది. ఆమె ఫోటో వీళ్ళకు చేరింది, అతని ఫోటో ఇంకా అటు పోలేదు. పిల్ల పట్నంలో బీయస్సీ చదువుతోంది. అంతలో ఎవరో అతని తల్లి గోవిందమ్మ చెవిన ఒక మాట వేశారు. పిల్ల రోజూ తెల్లవారగానే ఒక మగమనిషితో మడుగుల దగ్గరికి పోతోందట. అడిగితే, ఎండకాలం సెలవుల్లో చేపల మీద పరిశోధన చేసినందుకు సర్కారు స్టైపెండ్ ఇస్తోందని చెబుతోందట.

"చేపల కడుపులు చూసినందుకు ఎవలన్న పైసలిస్తర్రా? జర పోయి చూసిరా," అంది గోవిందమ్మ. హారతి కళ్ళకద్దుకున్న చేతులతోనే కొడుకును పొద్దుటి రైలుకు పంపింది. భక్తి ఉన్నచోట అనుమానం ఉండదని ఎవరనగలరు?

అరుణ అనుమానం వేరు. కిందటేడు ఒక విద్యార్థి స్టైపెండ్ తీసుకుని పెళ్ళిళ్ళు తిరిగొచ్చాడు. అందుకని ఈసారి చెప్పకుండా మనిషిని పంపి తనిఖీ చేయిస్తామన్నారు కాలేజీవాళ్ళు. ఇస్త్రీ చొక్కా, ప్రశ్నలు నిండిన ముఖం. ఇతనే ఆ మనిషి అనుకుంది.

'కాలేజీ నుంచే గద సార్?' అని ఆమె అడిగేసరికి సంగతి అర్థమైనా యాదగిరి కాదనలేదు. గొంతు పెద్దది చేశాడు.

"రోజూ ఒక్కరే వస్తరా?"

"లేదు సార్. జంగప్ప ఉంటడు."

దొరికింది! "ఎవలా జంగప్ప?"

"అగో."

పళ్ళన్నీ ఊడిన ముసలి జాలరి వల విదిలిస్తూ చేయెత్తాడు. "దండాలు పటేలా!"

యాదగిరి అనుమానం కొంచెం చిన్నదైంది గాని చావలేదు. "ఆ డబ్బల ఏమున్నది?"

"పేగులు సార్." మూత తీసింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "చేపలు జంగప్ప బజారుకు తీస్కపోతడు. కడుపులు నేను తీసుకుంట. మడుగు ఎండుతుంటె కొరమీను తిండి ఎట్ల మారుతదో రాస్తున్న."

పుస్తకం చేతికిచ్చింది. ముప్పై రోజుల రాత, ఒక్క కొట్టివేత లేదు. కప్పపిల్లలు, పురుగులు, చిన్న పరక చేపలు, అన్నీ వరుసలుగా.

"ఇంక పన్నెండు రోజులు కావాలె సార్. ఆ లోపల వాన పడి మడుగులన్నీ కలిసిపోతే పని ఆగమైతది. వానకంటె పెద్ద గండం ఇంకొకటున్నది."

"ఏంది?"

"పెండ్లి సంబంధం. వికారాబాదోళ్ళు. మస్తు అనుమానం మనుషులట. వాళ్ళు ఈ పని వద్దని కబురు పంపితే నాయన నన్ను గడప దాటనియ్యడు. పని సగంల ఆపితే, వచ్చే ఏడు స్టైపెండ్ ఏ ఆడపిల్లకూ ఇయ్యరు."

"పిలగాడు ఎట్లుంటడు?"

"ఎవలు చూసిన్రు సార్? అమ్మ చెప్పందే దగ్గను కూడ దగ్గడట!"

జంగప్ప పకపకా నవ్వాడు. యాదగిరికి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది.

అరుణ పెన్ను తీసిచ్చింది. "మీరు చూసినట్టు ఈడ సంతకం చెయ్యున్రి సార్."

అతను పెన్ను పట్టుకున్నాడు. రాయలేకపోయాడు. ఇంతసేపూ కాదనకుండా నడిపిన నాటకం, కాగితం మీదికి వస్తే పచ్చి అబద్ధమవుతుంది. పాపం ఆమె రాతకు ఆ మచ్చ ఎందుకు?

"నచ్చలేదా సార్?" అంది అరుణ.

"నేను కాలేజీ మనిషిని కాను. యాదగిరిని. వికారాబాదు."

జంగప్ప లేచి, అవసరం లేకపోయినా అవతలి ఒడ్డుకు పోయాడు.

అరుణ పుస్తకం లాక్కుంది. "మగ కొరమీను కూడ తన పిల్లలకు కాపలా కాస్తది. గని గిట్ల దొంగలెక్క కాదు."

"తప్పయింది."

"ఇంటికి పోయి ఏం చెప్తరు?"

"చూసింది చెప్త."

"ఎట్ల నమ్మాలె?"

యాదగిరి పెన్ను ఆమె చేతికిచ్చి స్టేషన్ దారి పట్టాడు.

ఐదు రోజులు ఏ కబురూ లేదు. ఆరోనాడు పొద్దున మడుగు దగ్గరికి యాదగిరి వచ్చాడు, వెనకాల గోవిందమ్మ. అరుణ చేతిలో కత్తి ఆగిపోయింది. ఒకరి తనిఖీ చాలలేదన్నమాట.

మెడలో తులసిమాల వేసుకున్ననాటి నుంచి చేప వాసన ఎరగని గోవిందమ్మ, ముక్కుకు కొంగు పట్టుకుని బండ మీద కూర్చుంది.

"వచ్చిన కాడికెంచి మావోడు చేపల ముచ్చట తప్ప ఇంకోటి చెప్తలేడు. నువ్వేం మందు పెట్టినవో చూద్దామని వచ్చిన."

"అమ్మా!" అన్నాడు యాదగిరి.

"నువ్వాగు." ఆమె డబ్బా వైపు చూసింది. "బిడ్డా, కోసేటప్పుడు పాపమనిపియ్యదా?"

అరుణ కత్తి కింద పెట్టింది. "అనిపిస్తదమ్మా. అందుకే ఉత్తగ ఒక్కదాన్ని గూడ కొయ్య. కోసినంక చూసిందంత రాస్త. రాయకుండ పారేస్తే, అది పాపం."

గోవిందమ్మ ముక్కు మీది కొంగు వదిలి తులసిమాల తడుముకుంది. మొట్టమొదట చేపరూపంలో వచ్చిన స్వామి ఈ పిల్ల రాసింది చదివితే ఏమనుకుంటాడో! కోపం మటుకు రాదేమో.

"పెండ్లి శ్రావణంల పెట్టుకుందాం," అంది చివరకు. "అప్పటికి నీ రాత అయితదా?"

"అయితదమ్మా."

"వచ్చే ఎండకాలం గూడ ఇస్తరా ఆ పైసలు?"

అరుణ అనుమానంగా చూసింది. "అడుగొచ్చు. ఎందుకమ్మా?"

"ఇస్తే తీసుకో. మా దిక్కు గూడ చెరువులున్నయి."

ఆమె లేచి జంగప్పతో మాట్లాడే మిషతో అటు నడిచింది. యాదగిరి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడన్న నమ్ముతరా?"

"సగం."

"మిగిలిన సగం?"

"ఇంక ఏడు రోజుల పనున్నది. రోజు పొద్దుగాల్ల వచ్చి డబ్బ మోస్తే, అప్పుడు చూద్దాం." చెప్పి తల వంచి రాసుకోసాగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మరునాడు పొద్దుటి రైలు తాండూరులో పూర్తిగా ఆగకముందే ఒకడు దూకాడు.