పోరాటాల పెట్టెలో నాంచారి

కుందనగిరిని వకుళాదేవి అనే మహారాణి ఏలుతున్న కాలంలో ఆ రాజ్యానికి ఒక వింత ఆపద వచ్చిపడింది. అది సైన్యంతో రాలేదు, ఆట రూపంలో వచ్చింది.

విద్రుముడనే మాంత్రికుడు నల్లని పెట్టె ఒకటి పట్టుకుని సభకు వచ్చాడు. తాతల కాలంలో జాతరల్లో జనం ఎగబడి ఆడిన పోరాటాల వీడియో గేములన్నీ అందులో ఉన్నాయట. వెలిసిపోయిన బొమ్మలకు కొత్త మెరుగులు దిద్ది, ఇంట్లోనే ఆడుకునేలా అన్నిటినీ ఒక్కచోట చేర్చాడట. మీట నొక్కగానే గోడమీద యోధులు కదిలారు. వాళ్ళ కవచాలు తళతళలాడాయి, నుదుటి చెమట కూడా కనిపించింది. సభ మైమరచిపోయింది. కొద్దిరోజుల్లోనే ఇంటింటా అలాంటి పెట్టె వెలిసింది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఆటలో ఓడినవారు కూర్చున్నచోటే శిలలైపోయేవారు. వారి ప్రాణం పెట్టెలోకి జారి, యోధుడి వేషంలో పోరాడుతూనే ఉండేది. ఒక్కొక్క ఓటమితో విద్రుముడి బలం పెరిగింది. పెట్టెలు పగలగొడదామంటే లోపలి ప్రాణాలు పోతాయి. చివరకు వాడు మహారాణి సింహాసనం పక్కనే తనకూ ఒక ఆసనం వేయించుకున్నాడు.

తాలింఖానాలో కుస్తీ నేర్పే వస్తాదుకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పైడమ్మ అలాగే శిలైపోయింది. చిన్నది నాంచారి, కుస్తీలో ఆరితేరిన పిల్ల. అది తిన్నగా సభకు వెళ్ళి మాంత్రికుడి ఎదుట నిలబడింది.

"నీ ఆట బయట కూర్చుని ఆడను. నన్ను లోపలికి పంపు. మా అక్కను తెచ్చుకుంటాను."

"ఓడితే అక్కడే పడుంటావు, పిల్లా!"

"గెలిస్తే అందరినీ వదలాలి."

విద్రుముడు పకపకా నవ్వి మీట నొక్కాడు. మరుక్షణం నాంచారి ఎర్రమట్టి బరిలో ఉంది. ఎదురుగా కొండంత రాక్షసుడు, వజ్రముష్టి.

"గంట మోగేలోగా ఒకరు పడాలి. అదే ఇక్కడి నియమం," అంటూ వాడు మీదికి దూకాడు. నాంచారి వాడి చంక కిందినుంచి దూరి, వాడి బరువుతోనే వాడిని బోర్లా పడేసింది. వెంటనే ఆకాశంలో విద్రుముడి నవ్వు వినిపించింది. అది ఇంతకుముందుకన్నా బిగ్గరగా ఉంది.

తర్వాత మండుతున్న అడవిలో నిప్పులు కక్కే ఎలుగుబంటి ఎదురైంది. నాంచారి జడ సగం కాలింది. అయినా ఎలుగును వాగులోకి లాగి మంట ఆర్పింది. ఆకాశం మళ్ళీ నవ్వింది.

కొండమీద జటిలుడనే ముని కర్రతో దారి అడ్డగించి కూర్చున్నాడు.

"అమ్మాయీ, నువ్వు గెలిచినకొద్దీ వాడే బలుస్తున్నాడు. ఎవరు ఓడినా వాడికి అది మేతే."

"అయితే నేను ఓడిపోనా?"

"అదీ వాడికి లాభమే. ఈ లోకాన్ని వాడు అలా కట్టాడు."

"వాడు కట్టిందయితే నేను కూలుస్తాను, తాతా. లే, దారియ్యి!"

ముని నిట్టూర్చాడు. "నా మొహానికి కొత్త రంగు వేశాడు కానీ మోకాళ్ళు పాతవేనమ్మా," అని పక్కకు జరిగాడు.

ఆవలి బరిలో బంగారు కవచంతో, రెండు కత్తులతో పైడమ్మ నిలబడి ఉంది. చెల్లెలిని ఆమె గుర్తుపట్టలేదు. మొదటి వేటుకే నాంచారి భుజం చీరుకుపోయింది.

"అక్కా, నేనే!" అని అరుస్తూ నాంచారి అక్క రెండు మణికట్లూ ఒడిసిపట్టింది.

"కొట్టు!" ఆకాశం ఉరిమింది.

"కొట్టను!"

"అయితే ఓడిపో!"

"అదీ జరగదు! ఏం చేస్తావో చేసుకో!"

భుజంనుంచి నెత్తురు కారింది. నాంచారి పట్టు వదలలేదు. గంట మోగింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఆకాశంనుంచి రంగు పెచ్చులుగా రాలింది. పైడమ్మ రెప్పలు ఆర్పింది.

"నాంచీ... నువ్వా? ఈ నెత్తురేంటే?"

వాడి మేత ఎలా ఆపాలో నాంచారికి తెలిసిపోయింది. "ఎవరూ కొట్టకండి! గంట మోగేదాకా పట్టుకుని నిలబడండి!" అని కేకపెట్టింది. జటిలుడు ఆ కేకను కొండ దాటించాడు. వజ్రముష్టి ఎలుగును కౌగిలించుకుని నిలబడ్డాడు. ఒక బరి తర్వాత ఒక బరిలో గంటలు మోగాయి, ఒక్కరూ పడలేదు.

బలం తరిగిపోతుంటే విద్రుముడు తాళలేక తానే లోపలికి దూకాడు. మీటలు నొక్కడమే తప్ప వాడు ఏనాడూ బరి తొక్కినవాడు కాదు. నాంచారి వాడి నడుం పట్టి, ఎత్తి, వెల్లకిలా పడేసింది. ఆ దెబ్బకు పెట్టెలన్నీ తెరుచుకున్నాయి, శిలలైనవారంతా లేచారు. నాంచారితోపాటు సభలోకి వచ్చిపడి, మంత్రాలు మరిచిపోయిన విద్రుముడిని భటులు కట్టేశారు.

అప్పుడు పెట్టెలోంచి వజ్రముష్టి, ఎలుగు, జటిలుడు, ఇంకా ఎందరో యోధులు బయటికి వచ్చి ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ ఆకలేస్తోందన్నారు.

"వీళ్ళు ఉత్త బొమ్మలు. మళ్ళీ లోపల పెట్టి మూసేద్దాం," అన్నాడు మంత్రి.

నాంచారి వాళ్ళకు అడ్డంగా నిలబడింది. "ఆకలేస్తోందనేవాళ్ళు బొమ్మలెలా అవుతారు, మహారాణీ? వీళ్ళను మూసేస్తే నన్నూ మూసెయ్యండి!"

మహారాణి ఆమెను ఎగాదిగా చూసి నవ్వింది. "సరిహద్దు కోట ఖాళీగా ఉంది. వీళ్ళందరితో కలిసి దాన్ని నువ్వే ఏలుకో."

ఆ పూట కోటలో పెద్ద బంతిభోజనం సాగింది. ఏనాడూ అన్నం ఎరగని వజ్రముష్టి మొదటి ముద్దకే నోరు కాల్చుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇంకా వెయ్యమ్మా," అని విస్తరి ముందుకు జరిపాడు.