పదో లాప్‌టాప్

పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏట జరిగింది ఇది. నవంబరు నెల. బిట్రగుంట రైల్వే కాలనీలో పాడుబడిన ఒక క్వార్టర్ ముందు, సైకిలు మీద రొయ్యల బుట్ట పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"కిలోకు నలభై కౌంట్ రొయ్య ఉండాదా?" అని అడిగాడు తహీర్.

"సీజన్ అయిపోయిందన్నా."

అది కోడ్. బుట్టలో ఐసు కింద ఒక ఐడీ కార్డు, ఒక స్క్రూడ్రైవర్ ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పిడి తిప్పితే లోపల పెన్‌డ్రైవ్. కార్డు మీద తహీర్ ఫొటో, కరీముల్లా అనే పేరు. కంప్యూటర్ సర్వీస్.

తహీర్‌కు యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్ల గూఢచారి సర్వీసులో మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఎడమ చెవికి వినికిడి మిషను ఉంది. డిపార్ట్‌మెంటు అందులోనే వైర్‌లెస్ అమర్చింది. ఇప్పుడు అందులో చీఫ్ గొంతు పలికింది.

"టార్గెట్, ఇందుకూరుపేటలో తీరదీపం అనే చిన్న కంపెనీ. చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు చేస్తారు. బోటు ఎక్కడుందో తీరానికి చెప్పే పెట్టెలు. తుఫాను కబురు బోటుకు అందేదీ వాటిలోనే. ఒక విదేశీ ముఠా ఆ కంపెనీలో చెయ్యి పెట్టింది. ఏదో ఒక లాప్‌టాప్ నుంచి పెట్టెలన్నీ ఆపేస్తారు. ఆ సందులో వాళ్ల ఓడ తీరం చేరుతుంది. ఏ లాప్‌టాపో, ఎప్పుడో తెలియదు."

"నాకు లాప్‌టాప్ పని సరిగా రాదు సార్."

"రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చాం కదా."

తహీర్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కాడు.

కంపెనీలో యజమాని కాక తొమ్మిది మంది, తొమ్మిది లాప్‌టాప్‌లు. యజమాని జీవానందం గారు డెబ్బై దాటిన మనిషి, చర్చి పెద్ద. తహీర్ ఒక్కొక్క లాప్‌టాప్ తెరిచి నంబరు వేశాడు. ఆగిపోయిన అప్‌డేట్లు నడిపించాడు. లాప్‌టాప్ ఎక్కడైనా పోతే దూరం నుంచే తాళం వేసే ఏర్పాటు పెట్టాడు. శత్రువు జాడ మాత్రం కనపడలేదు. కనపడింది ఇంకొకటి. ప్రతి లాప్‌టాప్ మూత మీద ఒక చిన్న రంగు కార్డు అంటించి ఉంది.

అవి వాగ్దానం కార్డులు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరు ఒక్కొక్క కార్డు తీస్తారు. దాని మీది వచనం ఆ మనిషికి ఏడాదంతా దేవుడిచ్చిన మాట. జీవానందం గారు ఆ పద్ధతిని ఆఫీసులోనూ పెట్టారు. కార్డు మూత మీద, దాని మీది వచనం ఉన్న పుస్తకం పేరూ నంబరూ కలిపితే పాస్‌వర్డు. రోజూ పొద్దున ఆయన ఒక్కొక్క లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, ఆ మనిషి పేరూ వచనమూ తలచుకుని ప్రార్థన చేస్తారు. అందరి పాస్‌వర్డులూ అందరికీ తెలుసు.

ఎవరి పాస్‌వర్డు వాళ్లే దాచుకోవాలని తహీర్ ఎనిమిది రోజులు చెప్పాడు. పెట్టెలు ప్యాక్ చేసే మాలకొండమ్మ విని, దేవుడి మాట దాచుకోవడం తనకు చేతకాదంది. ఆమె మొగుడు ఓబయ్య మూడు రోజుల కింద మైపాడు నుంచి వేటకు పోయాడు. ఆమె ప్యాక్ చేసిన పెట్టే ఆ బోటులో ఉంది.

ఇక డెబోరా. సేల్స్ మేనేజరు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ, ఆమె నడిచిపోతే వెనక కాసేపు నిలిచే సెంటు వాసన. ముఠాకు కబుర్లు అమ్మేది ఆమేనని డిపార్ట్‌మెంటుకు తెలుసు. డిపార్ట్‌మెంటుకు అమ్మేదీ ఆమే. తహీర్ ఎవరో ఆమెకు తెలుసు, ఆమె ఎవరో తహీర్‌కు తెలుసు. ఇద్దరూ రోజూ ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్లు.

తొమ్మిదో రోజు పొద్దున వాయుగుండం కబురు వచ్చింది. సాయంత్రానికి తీరం దాటుతుందట. బోట్లన్నీ తిరిగి రావాలని పదకొండు గంటలకు పెట్టెలకు మెసేజీ పోతుంది. మాలకొండమ్మ ప్యాకింగు ఆపి కిటికీ దగ్గర నిలబడింది.

పదిన్నరకు డెబోరా టీ గ్లాసుతో వచ్చి తహీర్ పక్కన కూర్చుంది. కళ్లద్దాలు తీసింది. నిద్రలేని కళ్లు.

"నువ్వు తొమ్మిదే లెక్కబెట్టినావు కరీముల్లా అన్నా. పదోది ఉండాది. బీరువాలో పడుంటే పోయిన నెల నేనే తీసి వాళ్లకిచ్చినా."

"ఎవరిది?"

"కిషోర్ బాబుది. ఈడ కంప్యూటర్ల పని జూస్తా మార్చిలో మానేసి పోయినాడే, ఆయనది. సరిగ్గా పదకొండుకు పెట్టెలన్నీ ఆగిపోతాయి. మెసేజీ కూడా పోదు."

"ఇప్పుడెందుకు చెప్తుండావు?"

"ఓడ ఒకటి దాటిపోద్దన్నారు. గాలివాన రోజు జూసి చేస్తారని చెప్పలా. నలభై బోట్లన్నా."

తహీర్ తన స్క్రీన్ తెరిచాడు. కిషోర్ బాబు అకౌంటు ఇంకా బతికే ఉంది. తీసేయబోతే తీసేయనివ్వలేదు. అడ్మిన్ ఎవరని మొదటి రోజు అడిగితే జీవానందం గారు "నేనే" అన్నారు, యజమాని గనక. కాని ఈ కంపెనీ మొత్తానికి అసలు అడ్మిన్ ఒక్కడే. కిషోర్ బాబు. తహీర్ తాళాలన్నీ ఆ మనిషి తాళం కింద ఉన్నాయి.

పది నలభై ఎనిమిది. చెవిలో చీఫ్ గొంతు ఏదో అంటోంది. తహీర్ మిషను తీసి జేబులో వేసుకుని, మోకాళ్లు పట్టుకుని లేచి యజమాని గదిలోకి పోయాడు. మనిషి మానేశాక అకౌంటు ఎందుకు తీయలేదని అడిగాడు.

"వాగ్దానం ఏడాదికి ఇచ్చింది నాయనా. డిసెంబరు దాకా ఆ బిడ్డదే. మధ్యలో ఎట్లా పీకేది?"

తహీర్‌కు కోపం కూడా రాలేదు. కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ఒక మాట తట్టింది.

"అయితే ఆయన కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తుండారా?"

"ఈ పొద్దు గూడా చేసినా."

"ఏ వచనం?"

"నీళ్లల్లో నడిచేటప్పుడు తోడుండే వచనం," అంటూ జీవానందం గారు తన బల్ల మీది కంప్యూటరు కీబోర్డు ముందుకు లాక్కున్నారు.

ఆయన ఒక్క వేలితో కొడతారు. ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి, దొరికాక ఒకసారి తహీర్ వంక చూసి, అప్పుడు కొడతారు. పది యాభై ఏడు. మొదటిసారి తప్పు పడింది. అంకెల మధ్య చుక్క మరిచిపోయారు. గది గుమ్మంలో మాలకొండమ్మ వచ్చి నిలబడింది. పది యాభై తొమ్మిది. రెండోసారి కిషోర్ బాబు అకౌంటు తెరుచుకుంది. మారిస్తే ఓనరుకు మెయిలు పోతుందని ముఠావాళ్లు ఆ పాస్‌వర్డును మార్చలేదు.

పెట్టెలు ఆపే అప్‌డేట్ వరసలో సిద్ధంగా ఉంది. పక్కన సెకన్లు తగ్గుతున్నాయి. తహీర్ దాన్ని రద్దు చేశాడు. ఆగినప్పుడు పద్నాలుగు దగ్గర ఉంది. తర్వాత పాస్‌వర్డు మార్చి, ఆ పదో లాప్‌టాప్‌ను అకౌంటు నుంచి బయటికి తోసేశాడు.

పదకొండుకు మెసేజీ పోయింది. నలభై పెట్టెలూ అందిందని జవాబిచ్చాయి. మాలకొండమ్మ ఓబయ్య బోటు నంబరు వెతికి, స్క్రీన్ మీద దాన్ని వేలితో తాకి, మళ్లీ ప్యాకింగుకు పోయింది. మధ్యాహ్నానికి ఓడను నడి సముద్రంలోనే తీర రక్షక దళం ఆపింది. డెబోరా స్కూటీ ఆఫీసు ముందే ఉంది. ఆమె లేదు. టీ గ్లాసు మాత్రం కడిగి బోర్లించి పోయింది.

మరుసటి పొద్దున తహీర్ మైపాడు ఒడ్డున వానలో నిలబడి బోట్లు లెక్కబెట్టాడు. నలభై. ఈసారి రెండుసార్లు లెక్కబెట్టాడు. అక్కడి నుంచి ఆఫీసుకు పోయాడు. ముందు రోజు సాయంత్రమే అందరి చేతా కొత్త పాస్‌వర్డులు పెట్టించాడు. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

లోపల మిగిలిన ఎనిమిది మందీ జీవానందం గారి గది ముందు వరసలో నిలబడి ఉన్నారు. ప్రార్థనలో ఆయన తడబడకూడదని, ఒక్కొక్కరే పోయి కొత్త పాస్‌వర్డు చెప్పి వస్తున్నారు.

వరస అయిపోయాక తహీర్ సంచి తీసుకుని సెలవు చెప్పబోయాడు.

"పేరు చెప్పు నాయనా, నిన్ను గూడా తలుచుకుంటా," అన్నారు జీవానందం గారు.

"కరీముల్లా అని చెప్పినా గదన్నా."

"అది కార్డు మీద పేరు."

వాన చూరు మీద పడుతోంది. తహీర్ వంగి, ఆయన చెవిలో తన పేరు చెప్పాడు. ముప్పై ఏళ్లలో మూడు దేశాలవాళ్లు రాబట్టలేకపోయిన మాట అది. రూలు ప్రకారం పేరు బయటపెట్టినట్టు రిపోర్టులో రాయాలి. రాయకుండా బస్సెక్కాడు.