పేక పడని మగ్గం

మధ్యాహ్నపు పోటు మొదలైంది. ఉప్పాడ తీరం వెంబడి ఒక్కో ఇంటి ముందూ కెరటకవచాలు ఇసుకలోంచి లేచి నిలబడ్డాయి. నడుమెత్తు పలకలవి. వచ్చే అలను ఆపి, దాని బలాన్ని పక్కకు మళ్లిస్తాయి. బీమా ఉన్న ఇంటికే కవచం. లేని ఇంటి ముందు ఇసుక అలాగే పడి ఉంటుంది. వీధి చివర అలాంటి ఇళ్లు రెండు ఉండేవి. ఇప్పుడు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వాటి మెట్లు మాత్రం కనిపిస్తాయి.

సుభద్ర తన ఇంటి కవచం పూర్తిగా లేచేదాకా చూసి, అరుగు మీద కూర్చున్న బీమా పరిశీలకుడు ఫణీంద్ర వైపు తిరిగింది. భర్త సోమలింగం పోయి ఆరు నెలలైంది. ఆమె ఈ గడప తొక్కి కూడా ఆరు నెలలైంది.

మూసిన తలుపుల వెనక మగ్గం ఆడుతోంది.

"ఈ సాయంత్రంలోగా సమీక్ష అయిపోవాలమ్మా. పాలసీ ఇన్నాళ్లూ మీవారి పేరు మీదే ఉంది. మీ పేరుకి మార్చేశాను. మగ్గం విలువ కూడా వేరేగా చూపించాను. ఇక నివాసులెవరో మీరు లోపలికెళ్లి ఇంటితో చెప్పాలి. ఆ తర్వాత తోడుధ్వని ఆపెయ్యాలి," అన్నాడు ఫణీంద్ర.

అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్న చౌడమ్మ తల ఎత్తలేదు. ఆమె సోమలింగం అక్క. ఇల్లు మూయించింది ఆమే.

సోమలింగం ధనిష్ఠా నక్షత్రంలో పోయాడు. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. తిరిగి చూసుకోవడానికి ఇంట్లో అలికిడి లేకపోతేనే పోయినవాడు తన దారిన పోతాడని నమ్మకం. సుభద్రకు వెళ్లాలని లేదు. కానీ చౌడమ్మ పట్టు పట్టిందంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా మాట మార్చదు. దినకర్మలు కాగానే మరదలి చెయ్యి పట్టుకుని మెరకవీధిలోని తన ఇంటికి తీసుకుపోయింది.

యంత్రాలకు నక్షత్రాలతో పనిలేదు. గోడల్లో అమర్చిన ప్రాణగ్రాహి ఇంట్లోవాళ్ల ఊపిరినీ, నడకనీ, పనినీ వింటూ ఉంటుంది. నెల రోజులు ఎవరి అలికిడీ లేకపోతే బీమా రద్దు, కవచం బంద్. ఊళ్లు తిరిగేవాళ్ల కోసం సంస్థ తోడుధ్వని అనే ఏర్పాటు చేసింది. గోడలు తాము విన్న అలికిడినే తిరిగి వినిపిస్తాయి. దొంగలు ఇంటి జోలికి రారు, బీమా నిలబడుతుంది. బీమా దాన్ని ఒప్పుకునే గడువు మాత్రం ఆరు నెలలే. ఆనాడు ఫణీంద్ర ఈ ఉపాయం చెబితే, అటు శాస్త్రమూ ఇటు ఇల్లూ దక్కుతాయని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఎవరి అలికిడి ఎక్కువగా విన్నాయో గోడలు దాన్నే ఎంచుకుంటాయని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఇరవై ఏళ్లుగా ఆ గోడలు విన్నది సోమలింగం మగ్గాన్ని.

తాళం చూసి వద్దామని వచ్చిన చౌడమ్మ మొదటిసారి ఆ చప్పుడు విని చెప్పులు వదిలేసి పరుగెత్తింది. మర్నాడు చెప్పుల కోసం వచ్చింది. ఆ తర్వాత ఏ వంకా చెప్పకుండానే రోజూ వచ్చి, అరుగు ఊడ్చి, చీకటిపడేదాకా కూర్చుని తమ్ముడికి ఊరి కబుర్లు చెప్పేది. సుభద్ర ఒక్కసారీ రాలేదు. ఆమెకు భయంగా ఉండేది, కోపంగా కూడా ఉండేది.

"బాబూ, ఇంకొక్క నెల పొడిగించలేరా?" అని అడిగింది చౌడమ్మ.

"కుదరదండీ. ఇవాళ ఆపకపోతే ఖాళీ ఇల్లు కింద లెక్క. రేపటి నుంచి కవచం లేవదు."

"ఆపకపోతే, మరి చప్పుడో?"

"గోడలున్నంత కాలం వస్తుందండి. దానికీ బీమాకీ సంబంధం లేదు."

చౌడమ్మ మరదలి వైపు తిరిగింది. "విన్నావుటే? సముద్రం గోడల దాకా రావడానికి ఎన్నాళ్లో పడుతుంది. అందాకా ఉంటాడు గదే."

"వదినా, అది గోడ."

"గోడైతే ఏంటి? నా తమ్ముడి చెయ్యి నాకు తెలీదా? నువ్వెలాగూ నా దగ్గరే ఉంటావు. ఇల్లు పోతే పోనియ్యవే."

అందాకా ఆయన ఉండటమంటే సుభద్రకు కూడా చిన్న మాటగా తోచలేదు. తాళం తీసి లోపలికి వెళ్లింది.

"అతిథికి స్వాగతం. సోమలింగం గారు పనిలో ఉన్నారు," అంది ఇల్లు. ఆరు నెలలుగా దానికి వినిపించని సుభద్ర ఇప్పుడు నివాసుల లెక్కలో లేదు.

ఆమె తలుపు దగ్గరగా వేసి మగ్గం దగ్గరికి నడిచింది.

గుంట మగ్గం మీద సగం నేసిన జాందానీ చీర, దుమ్ము పట్టి, వదిలినచోటే ఉంది. చప్పుడు మాత్రం ఆరు నెలలుగా నేస్తూనే ఉంది. జాందానీ ఇద్దరి పని. మగ్గం తొక్కి, అడ్డుపోగైన పేకను మోసే నాడె విసిరేది సోమలింగం. ఆపై పూల బుటాల దారాలు అతను కుడివైపు, ఆమె ఎడమవైపు చేత్తో దూర్చేవాళ్లు. అతని పని ముందే అయిపోయేది. ఆమె "ఊఁ" అనేదాకా ఆగి, అప్పుడు తొక్కేవాడు. పెళ్లయిన కొత్తలో వేళ్లు తడబడి ఆమె ఎంత ఆలస్యం చేసినా, జ్వరంతో కూర్చున్న రోజుల్లోనైనా, ఆ "ఊఁ" వినకుండా అతని కాలు కదిలింది లేదు.

సుభద్ర గుంటలోకి దిగి ఎడమవైపు కూర్చుంది. కుడివైపు చూడలేదు. మూడు దెబ్బలు పడ్డాయి, చప్పుడు ఆగింది. ఆయన ఆగాడు, తన కోసమే ఆగాడు. బంగారురంగు దారం తీసుకుని పోగుల మధ్య దూర్చబోయింది. అలవాటు తప్పిన వేళ్లు తడబడ్డాయి. ఒకటి, రెండు పోగులు దాటింది.

ఆమె "ఊఁ" అనకముందే చప్పుడు మొదలైపోయింది.

దారం చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ ఆగినప్పుడు ఆమె తొందరపడింది. అయినా ఆమె పని అయ్యేదాకా అది ఆగలేదు. ఎప్పుడో ఒకనాటి సుభద్ర చకచకా దూర్చిన దారానికి తగ్గట్టు ఆగి, తగ్గట్టు కదులుతోంది. ఆయనైతే ఆగేవాడు. పక్కనే కూర్చున్న మనిషి చేతులు తడబడుతుంటే ఆయన ఛస్తే తొక్కేవాడు కాదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే దారాన్ని ఉండచుట్టి యథాస్థానంలో పెట్టింది.

"నేను సుభద్రని. ఇక్కడే ఉంటాను," అంది గోడతో.

"నివాసి సుభద్ర, నమోదైంది. సోమలింగం ఇకపై ఈ ఇంటి నివాసి కారు. తోడుధ్వని నిలిపివేయడానికి మీ సమ్మతి తెలపండి."

చప్పుడు మూడు దెబ్బలు వేసి, ఆగింది.

"ఊఁ," అంది సుభద్ర.

మగ్గం మళ్లీ మొదలవలేదు.

"నివాసులు ఒకరు. గృహం సురక్షితం," అంది ఇల్లు.

కవచానికి తగిలి మళ్లుతున్న అలల మోత ఒక్కసారిగా ఇంటినిండా వినిపించింది. ఆమె బయటికి వచ్చేసరికి ఫణీంద్ర పని పూర్తయిందని చెప్పి, తలవంచుకుని మెట్లు దిగుతున్నాడు. చౌడమ్మ స్తంభాన్ని వదిలి, తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది.

"ఆపేశాడేంటే?" అని అడిగింది.

సుభద్ర ఆమె చెయ్యి పట్టుకుంది. చౌడమ్మ ఇంకాసేపు విన్నది. తమ్ముణ్ణి సాగనంపిన రోజున కూడా ఆమె కళ్లు తడవలేదని ఊరంతా చెప్పుకుంది.

"అయితే వాడు పోయాడన్నమాట," అంది. అని గడప మీదే కూలబడి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.