పసుపు అరచేతులు

డిష్‌లోని బ్యాక్టీరియా ఈపాటికి చచ్చిపోయి ఉండాలి. చావలేదు.

డాక్టర్ స్వరాజ్యం మైక్రోస్కోప్ మీంచి తలెత్తి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. కొలెస్ట్రాల్ అన్నది లేకుండా తనే దగ్గరుండి తయారు చేయించిన డిష్ అది. అందులో ఆ సూక్ష్మజీవులు పెనం మీద కొట్టిన గుడ్డులా మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా హాయిగా పరుచుకున్నాయి. పైగా పసుపురంగు తిరిగాయి.

వీటి సంగతి కాస్త చెప్పుకోవాలి. మామూలు బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. వీటికి గోడ లేదు, పల్చటి పొర ఒక్కటే. ఆ పొర జావగారిపోయి చిట్లకుండా ఉండాలంటే కొలెస్ట్రాల్ కావాలి. సొంతంగా చేసుకోవడం చేతకాదు కాబట్టి ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటాయి. ఆ దొంగబుద్ధినే స్వరాజ్యం మందుగా మార్చింది. క్యాప్సూల్ మింగితే చాలు, అవి పేగుల్లో కాపురం పెట్టి మనిషి కొలెస్ట్రాల్ లాగేసుకుంటాయి, రక్తంలో కొవ్వు దిగిపోతుంది. విశాఖ జనం దానికి ‘మేత క్యాప్సూల్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

కొన్నాళ్లకు కొందరి అరచేతులు పసుపు తిరిగాయి. కళ్లు తెల్లగానే ఉన్నాయి కాబట్టి కామెర్లు కావు. టీవీవాళ్లు మైకు పెట్టి అడిగితే, మంచి హుషారు మీదున్న స్వరాజ్యం "పసుపు మనకి శుభమే కదండీ! మందు పనిచేస్తోందన్నమాట" అని నవ్వేసింది. పరీక్ష చెయ్యకుండా అన్న మాట. అదే ఊరంతా పాకిపోయింది. రక్తపరీక్షలకు డబ్బులు దండగనుకుని జనం అరచెయ్యి చూసుకోవడం మొదలెట్టారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి చేత చెయ్యి చాపించారు. ఉద్యోగాలిచ్చేవాళ్లూ చాపించారు.

పసుపు తిరిగిన ఒకరి పేగుల్లోంచి తీసిన జీవులున్న ఈ డిష్ ఇప్పుడు అసలు గుట్టు విప్పింది. ఆ జీవులు కెరోటినాయిడ్ అనే పసుపు రంగుపదార్థాన్ని సొంతంగా తయారు చేసుకుని, దాంతోనే పొరను గట్టిపరుచుకుంటున్నాయి. ఆ రంగే రక్తంలో కలిసి అరచేతుల్లో తేలుతోంది. ఇక వాటికి మనిషి కొలెస్ట్రాల్‌తో పనిలేదు. పసుపంటే మందు పనిచేస్తోందని కాదు, పని మానేసిందని.

డిష్‌కి మూత పెట్టి ఆమె బయటికొచ్చింది.

బయట పోలినాయుడు ఎదురుచూస్తున్నాడు. కంటైనర్ యార్డులో క్రేన్ నడిపే మనిషి. గుండెలో స్టెంటు పడ్డాక అందరికంటే ముందు ఈ క్యాప్సూల్ ధైర్యంగా మింగినవాడు. అతని చేతులు తెల్లగానే ఉన్నాయి.

"నన్ను పన్లోంచి తీసీసినారు డాక్టరమ్మా. పసుపు చెయ్యి లేనోడు క్రేనెక్కకూడదంట. మా ఇంటిది పసుపు కొమ్ము అరగదీసి రాసింది. ఆఫీసులో దూదితో తుడిసి సూసి, అందరి ముందూ నవ్వినారు."

"నాయుడుగారూ, మీ చెయ్యే మంచి చెయ్యి. మీలో అది ఇంకా పనిచేస్తోంది. పసుపు తిరిగినవాళ్లలోనే మానేసింది."

"పసుపు శుభమని మీరే కదా టీవీలో సెప్పినారు?"

"తప్పు చెప్పాను."

పోలినాయుడు ఆమె ముఖంలోకి చూశాడు. అతని చూపులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. "అప్పుడు తప్పు సెప్పినోరు ఇప్పుడు నిజం సెప్తన్నారని నానెలా నమ్మీది? నమ్మినా, యార్డోళ్లు నమ్మద్దా?"

ఆమె డిష్ పట్టుకుని తిన్నగా ఆ మందు చేసే కంపెనీ ఎండీ చక్రధర్ గదిలోకి వెళ్లింది. మందు ఆపించాలి, అందరికీ రక్తపరీక్షలు చేయించాలి, లేకపోతే గుండెలు ఆగుతాయని గొంతు చించుకుంది. ఆయన ఓపికగా విన్నాడు. అంత ఓపికగా వింటున్నప్పుడే ఆమె అనుమానపడాల్సింది.

"మరి ఈ డిష్‌లోవి ఎవరి పేగుల్లోకెళ్లినా చెయ్యి పసుపు తిరుగుతుందా?"

"తిరుగుతుంది. పాతవాటిని తరిమేసి ఇవే పాతుకుపోతాయి. అందుకే ప్రమాదమంటున్నాను."

"ఇది నా దగ్గర ఉంచండి మేడమ్. బోర్డుకి రుజువు చూపించాలి కదా" అన్నాడు చక్రధర్, డిష్ మీద మూత జాగ్రత్తగా సర్దుతూ.

రెండు నెలలు తిరక్కుండా ఊరంతా హోర్డింగులు లేచాయి: ‘బంగారు మేత. పసుపు గ్యారంటీ’. స్వరాజ్యం పత్రికలవాళ్లకి ఫోన్లు చేసింది. కంపెనీలో గొడవపడి బయటికొచ్చేసిందట, కడుపుమంట అనుకున్నారు.

ఓ ఉదయం పోలినాయుడు మాడుగుల హల్వా పొట్లంతో ఆమె ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. రెండు చేతులూ చాపాడు.

అరచేతులు పసుపు తిరిగి ఉన్నాయి. ఆమె అతని మణికట్టు పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్లి, సబ్బు రాసి అరచెయ్యి తోమింది. కొమ్ము పసుపే అయి ఉండాలని, మళ్లీ ఇంటావిడే రాసి పంపి ఉండాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ తోమింది. తెల్లటి నురగే జారిపోతోంది.

"ఎంత తోమినా పోదమ్మా. ఇది దొంగపసుపు కాదు, బంగారు మేత మింగితే వచ్చింది, నికార్సైంది. మళ్లీ పన్లోకి పిలిసినారు" అని నవ్వాడు పోలినాయుడు.

"మాత్రలిస్తాను, వేసుకోండి. అది చచ్చిపోతుంది. నా మాట వినండి నాయుడుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

"అంత మాటనీకండి! అది సస్తే నా పని పోదేటి?" అంటూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి మెత్తబడ్డాడు. "నా మంచికి మీరెంత సంబరపడతన్నారో నాకు తెలీదేటమ్మా."

పొట్లం విప్పాడు. స్టెంటు పడ్డ నాటి నుంచి నెయ్యి ముట్టని మనిషి. నేతిలో తేలుతున్న ముక్క తీసి ముందు ఆమె చేతిలో పెట్టాడు. తను రెండు ముక్కలు తిని, వేళ్లు నాక్కుని, క్రేనెక్కే టైమయిందని వెళ్లిపోయాడు.